గంటకు దాహమేసిన ఎండాకాలం

కోడలిగా గౌలిపురలో అడుగుపెట్టిన రోజు, ఇది ఇల్లా రైలుపెట్టా అనుకున్నాను. వెడల్పు లేదు, పొడుగే పొడుగు. వీధి వైపు మా మామ కూర్చుని పాలు కొలిచే గది, దాని వెనక రెండు చీకటి గదులు, ఆ వెనక చిన్న వాకిలి, వంటిల్లు, చిట్టచివర ఐదు బర్రెల కొట్టం. ఇంట్లో ఉండేది నలుగురం. అత్త, మామ, మా ఆయన, నేను. మా ఆయన పొద్దున్నే పనికి పోయేవాడు. అత్త కొట్టంలో ఉండేది, లేదంటే పాలకడవ ఎత్తుకుని గల్లీల్లో తిరిగేది. మామ ముందు గదిలో, నేను వంటింట్లో. మా ఇద్దరికీ మధ్య ఆ పొడుగంతా ఉండేది.

మా అమ్మ నన్ను పంపేటప్పుడు ఒకటే మాట చెప్పింది. "మామ ముందు నోరు తెరవకు. గొంతు బయటికి వినపడొద్దు." సరే అన్నాను. మరి అన్నం వండాక ఆయనను పిలవడం ఎలాగో మా అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటివారం గాజులు గలగలలాడించాను. వినపడలేదు. ఇత్తడి పళ్లెం నేలకు కొట్టాను. పిల్లి వచ్చిందనుకుని మామ ముందు గదిలోంచే "హుష్" అన్నాడు. చివరికి మధ్యగది గుమ్మం దాకా వెళ్లి, తలుపు చాటున నిలబడి దగ్గడం మొదలుపెట్టాను. మొదటిరోజు మామ తల తిప్పి చూశాడు. రెండోరోజు లేచి వచ్చి అన్నం తిన్నాడు. ఉపాయం దొరికిందని సంబరపడ్డాను. మూడోరోజు సాయంత్రం అత్తతో ఆయన అన్నమాట వంటింట్లోకి వినపడింది.

"కోడలు పిల్ల పొద్దాక దగ్గుతున్నది. గీడి గాలి పడ్తలేదేమో. హకీం సాబ్ దగ్గర దవా తెచ్చిన, తాపియ్యి."

అది జోషాందా. ఎండుటాకులూ వేర్లూ మరిగించిన చేదు కషాయం. మా అత్త ఎదురుగా కూర్చుని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలలేదు. పూటకో గ్లాసు చొప్పున మూడురోజులు తాగాను. దగ్గు లేదని చెబితే మరెందుకు దగ్గావని అడుగుతారు. నాలుగోరోజు ఏడుపు ఆపుకోలేక మా ఆయనతో చెప్పాను.

"అన్నం పెట్టిన, రమ్మని దగ్గిన. నాకే రోగం లేదు."

ఆయన మంచం మీద పడి నవ్వాడు. నవ్వీ నవ్వీ ఆయనకే దగ్గొచ్చింది. అది విని అత్త మిగిలిన జోషాందా ఆయనకిచ్చింది.

మా ఆయనకు టెలిఫోన్ దఫ్తరులో పని. అక్కడ బ్యాటరీలకని ఒక గది ఉండేదట. గాజుతొట్లలో తేజాబు, అంటే ఆమ్లం పోసి, సీసం పలకలు ముంచి, ఊళ్లోని ఫోన్లకు అక్కడినుంచే కరెంటు పంపేవారట. ఆయన అంగీ నిండా తేజాబు చుక్కలు పడ్డ చిల్లులే. అవి పురుగు కొట్టిన చిల్లులని మా అత్త ఆయన బట్టల పెట్టెలో వేపాకు వేసేది. ఆయన ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు.

అవి యుద్ధం రోజులు. మా గల్లీకి ఇంకా కరెంటు తీగలు రాలేదు. చేతిలో పట్టుకునే బ్యాటరీ లైటు చాలా ఇళ్లలో ఉండేది కానీ, అందులో వేసే సెల్లులు బజారులో దొరికేవి కావు. మా మామకూ ఒక లైటుంది. దాని సెల్లులు ఎప్పుడో చచ్చిపోయాయి. అవి చచ్చాయని ఆయన ఒప్పుకోలేదు. రోజూ ఉదయం నాలుగు సెల్లులనూ పిట్టగోడ మీద వడియాల్లా వరసగా ఎండబెట్టేవాడు. మధ్యాహ్నం తిరగేసేవాడు. కాకి ఎత్తుకుపోతుందేమోనని ఒక కన్ను అటే ఉండేది. సాయంత్రం వాటిని లైటులో వేసి నొక్కితే బీడీ కొసంత ఎర్రగా వెలిగి, ఊపిరి పీల్చేలోపు ఆరిపోయేది.

"చూసినవా, ఇంక జీవమున్నది," అనేవాడు అత్తతో.

జోషాందా సంగతి జరిగిన వారానికి మా ఆయన గోనెసంచిలో ఏదో మోసుకొచ్చాడు. దఫ్తరులో పాతవని పక్కన పడేసిన మూడు గాజుసీసాలు, ఒక కరెంటు గంట, కొంత తీగ. పెద్దసాబును అడిగే తెచ్చానని ముందే చెప్పాడు, లేకపోతే మామ ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. దఫ్తరుకు శుక్రవారం సెలవు. ఆ పొద్దున వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. అత్త పేడచేతులతోనే వచ్చి ఎదురుగా నిలబడింది.

ఒక్కొక్క సీసాలో ఒక మట్టిముంత, దాని నిండా నల్లటి పొడి, పొడి మధ్యలో బొగ్గుపలక. ముంత పక్కన వేలంత లావున బూడిదరంగు కడ్డీ. సీసాలో ఆయన ఏదో నీళ్లు పోశాడు.

"గవ్వేం నీళ్లురా?" అంది అత్త.

"నవసాగరం కలిపిన నీళ్లు, అవ్వా."

"గా కడ్డీ?"

"జింకు. గా నీళ్లు గీ కడ్డీని రోజింత తింటయి. తిన్నందుకు కరెంటిస్తయి."

అత్త కొంచెంసేపు సీసా వైపు, తర్వాత కొట్టం వైపు చూసింది. "అంటే మన బర్రె లెక్కనే గదరా. మేసినన్ని రోజులు ఇస్తది. మేత అయిపోతే బంద్."

మా ఆయన చేతిలో తీగ అలాగే పట్టుకుని ఆగిపోయాడు. "గంతే అవ్వా. దఫ్తర్ల నాకు ఆరునెలలు చెప్పినా గింత సాఫ్‌గా సమజ్ కాలే."

ఒక సీసా బొగ్గుపలకకు పక్క సీసా జింకు కడ్డీని తీగతో కలుపుతూ పోయాడు. మూడెందుకని నేను మెల్లగా అడిగాను. ఒకదానికి బలం చాలదన్నాడు. బండి బురదలో దిగబడితే ముగ్గురు ఒకరి వెనక ఒకరు నిలబడి నెట్టినట్టు. అందరూ ఒకే దిక్కుకు నెట్టాలి. ఒక్కడు ఎదురు నెట్టినా మిగతావాళ్ల కష్టం మట్టిపాలే.

గంటను మామ కూర్చునే గది గోడకు కొట్టాడు. నొక్కే బొత్తాం వంటింటి గుమ్మానికి. రెండింటి మధ్యా జంటతీగ లాగుతుంటే అత్తకు మళ్లీ అనుమానం వచ్చింది.

"పొయ్యేది ఒక్క దిక్కుకే గదా, రెండు తీగలెందుకు దండుగ?"

"పొయిన కరెంటు మళ్ల రావాలె అవ్వా. రాకుంటే అసలు పోనే పోదు. నేను దఫ్తర్‌కు పోతే ఇంటికి రావద్దా?"

"వస్తున్నవు తియ్యి, అంగీకి చిల్లులేసుకొని," అంది అత్త.

కరెంటంటే పట్టుకుంటే కొడుతుందని ఆమె విని ఉంది. రెండు తీగల కొసలూ వేళ్లతో పట్టుకుంది. ఏమీ కాలేదు. ఆమె ముఖంలో నిరాశ దాగలేదు. మా అత్తకు గల్లీ మొత్తంలో పేరు తెచ్చింది ఆమె నాలుక. ఒక్కచుక్క నాలుక మీద వేసుకుని ఏ బర్రె పాలో, అందులో నీళ్లు ఎంతో, సాయంత్రానికి విరుగుతాయో లేదో చెప్పేది. మేం ఆపేలోపే రెండు తీగలూ నాలుకకు ఆనించింది. కళ్లు చిట్లించి, చప్పరించింది.

"పుల్లగున్నది. ఇత్తడి చెంబుల నిలవున్న మజ్జిగ లెక్క."

"అవ్వా! గీ సీసాలకైతే నడుస్తది. దఫ్తర్ల బ్యాటరీలకు, బయటి కరెంటు తీగలకు నాలుక వెట్టినవనుకో, మనిషివి దక్కవు!" మా ఆయన గొంతులో మొదటిసారి భయం విన్నాను. అత్త తలూపింది. ఆ మాట మాత్రం ఆమె ఎప్పుడూ మర్చిపోలేదు.

మధ్యాహ్నం అన్నం పెట్టి నేను బొత్తాం నొక్కాను. ముందు గదిలో గంట గణగణమంది. వెంటనే పాలకొలత కిందపడిన చప్పుడు, దాని వెనక మామ గొంతు.

"ఇంట్లకు సైకిల్ ఎవడు తెచ్చిండ్రా!"

సైకిలు కోసం ఆయన మంచం కింద కూడా వెతికాడు. మా ఆయన చేయి పట్టుకుని తీసుకెళ్లి గంట చూపించాక, అది తన నెత్తిమీదే ఉందని తెలిసి మరీ కోపగించుకున్నాడు. అన్నం తిన్నాక కోపం తగ్గింది. ఒకసారి మోగితే చాయ్, రెండుసార్లయితే అన్నం, మూడుసార్లయితే వెంటనే రమ్మని అర్థం, అని నలుగురం అనుకున్నాం.

ఇబ్బంది పడింది నల్లబర్రె ఒక్కటే. పాలు పితికే వేళ గంట మోగితే ఉలిక్కిపడి చేపేది కాదు. పొదుగు నిండా పాలుండి చుక్క వచ్చేది కాదు. రెండురోజులు అత్త నన్ను చాయ్ గంట కొట్టనివ్వలేదు. మూడోరోజుకు దానికే అలవాటైంది.

గల్లీ ఆడవాళ్లంతా గంట చూడటానికి వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకసారి నొక్కి, తర్వాత తమ పిల్లల పేరున ఇంకోసారి నొక్కారు. ముందు గదిలో మామ ప్రతిసారీ లేచి, కూర్చుని, లేచి, చివరికి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. సాయంత్రానికి గంట గొంతు బొంగురుపోయింది. తర్వాత గర్రుమంది. ఆపైన మూగబోయింది. మా ఆయన వచ్చి చూసి, దాన్ని ఎవరూ ముట్టుకోకండి, పొద్దుటిదాకా పడుకోనివ్వండి అన్నాడు. తెల్లారి నొక్కితే మళ్లీ మామూలుగానే మోగింది. ఆగకుండా పని చేయిస్తే ఈ రకం సీసాలు అలసిపోతాయి, విశ్రాంతి ఇస్తే తేరుకుంటాయి అని ఆయన చెప్పాడు. "గా సీసాలకున్న నసీబు నాకు లేకపాయె," అని అత్త పాలకడవ నెత్తికెత్తుకుంది.

ఎండాకాలం మొదట్లో మా ఆయనను తీగల పని మీద రెండు నెలలు జిల్లాలకు పంపారు. ఆయన పోయిన నెలకు గంట మళ్లీ బొంగురుపోయింది. ఒక రాత్రి పడుకోనిచ్చాను. రెండు రాత్రులు పడుకోనిచ్చాను. తేరుకోలేదు. మామ భోజనం రోజుకింత ఆలస్యమవుతోంది. దగ్గుదామంటే జోషాందా గుర్తొస్తోంది.

అత్త, నేను సీసాల ముందు కూర్చున్నాం. ముందు తీగల కొసలకు పట్టిన పచ్చటి కిలుమును చింతపండుతో తోమి గట్టిగా మెలిపెట్టాను. గంట ఒకసారి టక్కుమని ఊరుకుంది. సీసాల్లో చూస్తే నీళ్లు సగానికి దిగిపోయాయి. అంచుల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంది.

"దాహమైందే దీనికి," అంది అత్త. "గీ ఎండలకు బర్రెలే కుడితి రెండింతలు తాగుతున్నయి." చెంబుతో నీళ్లు పోసింది. గంట కొంచెం గొంతు సవరించుకుంది కానీ, ముందు గదిదాకా వినపడే మోత కాదు.

అప్పుడు అత్త కొంగుతో నోరు తుడుచుకుని పరీక్షకు కూర్చుంది. సీసాలను విడివిడిగా చేసి, ఒక్కొక్కదాని రెండు తీగలూ నాలుకకు ఆనించుకుంది. మొదటి దానికి "జెర పులుపున్నది" అంది. రెండో దానికీ అదే మాట. మూడోది రెండుసార్లు చూసింది. "గిది సప్పగున్నది. నీళ్లపాలే."

మూడో సీసాలోంచి జింకు కడ్డీ బయటికి తీశాను. పైన వేలంత లావు, కింద నమిలి పారేసిన వేపపుల్లంత. మేత అయిపోయిందన్నమాట. జింకు కావాలి, నవసాగరం కావాలి. రెండూ ఎక్కడ దొరుకుతాయో మా ఇద్దరికీ తెలియదు.

తెలిసినవాడు ఆ వారంలోనే గల్లీలోకి వచ్చాడు. గిన్నెలకు కళాయి పూసే ముసలాయన. మా పాలగిన్నెలన్నిటికీ ఆయనే ఎప్పుడూ కళాయి వేసేవాడు. వాకిట్లో కొలిమి పెట్టుకుని, కాలిన గిన్నెలో తెల్లటి పొడి చల్లి దూదితో రుద్దుతుంటే ముక్కుపుటాలు అదిరే పొగ లేచింది. ఆయన దమ్ము తీసుకునేటప్పుడు పక్కనే ఉన్న నా సీసాలపై చూపు పడింది. అంచున పేరిన ఉప్పును గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి, నవ్వాడు.

"అరే అమ్మా, ఏ తో నౌసాదర్ హై! నా చేతిల ఉన్నది గిదే, నీ సీసల ఉన్నది గిదే."

నవసాగరం అంటే నౌసాదరేనని నాకప్పుడు తెలిసింది. ఏడాదికి రెండుసార్లు మా వాకిట్లోనే పొగలేస్తున్న వస్తువు కోసం వారం నుంచి దిగులుపడుతున్నాం. ఆయన చేరెడు ముక్కలు ఇచ్చాడు. అత్త ఆయనకు చల్ల పోసింది. తర్వాత నేను అరిగిన కడ్డీ చూపించాను.

"జస్త్," అన్నాడు ఆయన, జింకును. "గీ దినాలల్ల దొరకదు. లడాయి." అని చుట్టూ చూసి, పిట్టగోడ వైపు వేలు చూపించాడు. "గవ్వేంది? గా సెల్లుల బయటి డబ్బ జస్త్‌దే గదా."

మామ సెల్లులు నాలుగూ బుద్ధిగా ఎండుతున్నాయి.

"అత్తా, మామను అడుగుండ్రి."

"నేనడగ. అవ్వి ఆయన పానం," అంది అత్త. "గంట నీది. నువ్వే అడుక్కో పో."

ముందు గది గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. మామ ఎవరికో పాలు పోసి పంపి, కొలత కడుగుతున్నాడు. గంట కొడదామంటే అదే మోగదు. 

"మామా, మీ సెల్లులు కావాలె."

మామ ముందు వీధి వైపు చూశాడు. తర్వాత పైకి, గంట వైపు చూశాడు. ఆఖరికి నా వైపు తిరిగాడు.

"నువ్వేనా మాట్లాడింది?"

"నేనే."

"మంచిగనే ఉన్నది గదా గొంతు," అన్నాడు, దాని గురించి ఎవరో వేరేలా చెప్పినట్టు. "ఏం సెల్లులు?"

"గోడ మీదియి."

"అవ్వి ఎండుతున్నయి. ఇంక జీవమున్నది."

"లేదు మామా. ఎండకు వేడెక్కి జెరసేపు వెలుగుతున్నయి గంతే. లోపటి తడి ఆరిపోతే కరెంటు పుట్టది. ఎండబెట్టిన కొద్దీ ఇంకింత ఆరుతది."

ఇంత పొడుగుమాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం. మామ ముఖం చిన్నబోయింది. లేచి వాకిట్లోకి నడిచి, పిట్టగోడ మీంచి సెల్లులు తీశాడు. నాలుగింటినీ చేతిలో తిప్పి తిప్పి చూశాడు. రెండు నాకిచ్చి, రెండు మళ్లీ గోడ మీద పెట్టాడు.

కళాయి ఆయన సెల్లు చుట్టూ ఉన్న అట్ట ఊడదీసి, మూతి మీది నల్లలక్క కొట్టాడు. లోపల నల్లటి పొడి, మధ్యలో బొగ్గుపుల్ల, చుట్టూ ఎండిపోయిన పిండిలాంటిది. మామ మెల్లగా మా వెనక వచ్చి కూర్చున్నాడు.

"గా సీసల ఉన్నదే గిండ్ల ఉన్నది!"

"అదే మామా. సీసల నీళ్లున్నయి, గిండ్ల ముద్ద చేసి మూతి మూసిండ్రు. జేబుల వేసుకుంటే ఒలకకుండ."

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. అడిగితే, ఆ క్షణంలోనే నాకూ తెలిసిందని చెప్పేదాన్ని. రెండింటిలో ఒకదాని డబ్బా జల్లెడలా తూట్లుపడి ఉంది. రెండోది గట్టిగానే ఉంది. కళాయి ఆయన దాన్ని నారింజతొక్క ఒలిచినట్టు చుట్టూ కత్తిరించి పొడుగాటి పట్టీ తీశాడు. దాన్ని శుభ్రంగా గీకి, కొసకు తీగ మెలిపెట్టి సీసాలో ముంచాను. అత్త నౌసాదర్ నూరి నీళ్లలో కలిపింది. కొలత మాకెవరికీ తెలియదు. పొడి కరగనని అడుగున మిగిలేదాకా కలిపి, చాలంది. తర్వాత నాలుక పెట్టి చూసింది.

"ఇగ పులిసింది."

తీగలు వరస తప్పకుండా కలిపి, పరుగున పోయి బొత్తాం నొక్కాను. గంట ఇల్లదిరేలా మోగింది. నల్లబర్రె అరిచింది. కళాయి ఆయన చల్ల గ్లాసు పైకెత్తి "వాహ్" అన్నాడు. మామ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఇన్నాళ్లూ ఆ గంటకు లేవడమే కానీ, ఆయన దాన్ని ఒక్కసారీ మోగించలేదు. నన్ను పక్కకు జరగమని, బొత్తాం మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని నొక్కాడు. మోగింది. ఇంకోసారి నొక్కాడు.

"రెండుసార్లయినయి," అంది అత్త. "అన్నం పెట్టు పిల్లా, తనకు తనే పిలుసుకున్నడు."

రెండు నెలలకు మా ఆయన తిరిగొచ్చాడు. మూలన పడుంటుందనుకున్న గంట మోగుతోంది. సీసాలు ఎత్తి, వంచి, తీగలు లాగి చూశాడు. ఎవరు చేశారంటే మేం ముగ్గురం ఒకరివైపొకరం చూసుకున్నాం. తప్పేమీ దొరక్క చివరికి, "నౌసాదర్ జెర ఎక్కువైంది," అన్నాడు. "ఎక్కువనో తక్కువనో, మోగుతున్నదా లేదా?" అన్నాడు మామ. ఆయన కొడుకుతో అలా నా తరఫున మాట్లాడటం అదే మొదలు.

ఆ సంగతి గల్లీ దాటింది. వానలు తగ్గాక ఒక ఉదయం ఛత్రినాక నుంచి మంత్రసాని వచ్చింది. వేళగానివేళ పురుళ్లకు పోవాలని ఎలాగో రెండు కొత్త సెల్లులు సంపాదించిందట. లైటులో వేస్తే వెలగడం లేదట. దుకాణంవాడు మోసం చేశాడని దారి పొడుగునా తిడుతూనే వచ్చింది. నేను మూత తిప్పి సెల్లులు బయటికి తీశాను. రెండూ తలకు తల ఎదురెదురుగా వేసింది. ఒకడు అటూ ఒకడు ఇటూ నెడితే బండి ఎలా కదులుతుంది? ఒకదాన్ని తిప్పి, మొనలు రెండూ బల్బు వైపే ఉండేలా వేసి మూత బిగించాను. మీట నొక్కగానే భగ్గున వెలిగింది.

"నీ చెయ్యి సల్లగుండ!" అంటూ మంత్రసాని లైటు లాక్కుని, ఎంత దూరం పోతుందోనని గోడ మీద, కొట్టంలో, బర్రెల కళ్లలో వేసి చూసింది. తర్వాత నా ముఖం మీద వేసింది. అక్కడ ఆపింది. దగ్గరికొచ్చి నా కింది కనురెప్ప వేలితో లాగి చూసి, మణికట్టు పట్టుకుంది.

"ఎన్నో నెల బిడ్డా?"

ఆ నెల రోజులు తప్పాయని తెలుసు కానీ, అది పని అలసట అనుకున్నాను. పేడగంప పట్టుకుని కొట్టంలోంచి వస్తున్న అత్త అక్కడే ఆగిపోయింది.

"నాకు చెప్పకముందు దానికి చెప్పినవా?"

"నేనేం చెప్పలే అత్తా!"

"చెప్పేదేముంది, లైటు వేసి చూసిన," అంది మంత్రసాని.

అత్త గంప దించింది. చేతులు కడుక్కుని నేరుగా నల్లబర్రె దగ్గరికి పోయింది. ఆ రోజు మొదలు నల్లబర్రె మొదటి చెంబు పాలు ఏ ఇంటికీ పోలేదు. నురగ ఆరకముందే నా చేతికొచ్చేవి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది. నాకు పచ్చిపాల వాసన చిన్నప్పటినుంచీ గిట్టదు. ఆ మాట పురుడయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.